మనం లేని చోట నిలబడినవాడు

మన క్యాంపుల్లో ఏ గదిలోకి వెళ్లినా, మంచం తలాపున గోడకో, పెట్టె మూత లోపలివైపో అంటించిన ఫోటో ఒకటి కనబడుతుంది. పెళ్లి ఫోటో, పిల్లల పుట్టువెంట్రుకల ఫోటో, అమ్మానాన్నలు రెండు కుర్చీల్లో బిగుసుకుని కూర్చున్న ఫోటో. ఇప్పుడు అన్నీ ఫోన్లోనే చూసుకుంటున్నా గోడమీది ఆ ఒక్క ఫోటో మాత్రం పోలేదు. అందులో ఉన్నవాళ్ల గురించి రాత్రిళ్లు గంటలకొద్దీ చెప్పుకుంటాం. దాన్ని తీసినవాడి గురించి మాత్రం ఎవరం అడగం. ఈ వారం ఆయన గురించి నాలుగు మాటలు రాద్దామనుకున్నాం.

మేము ఆఫీసు గుమస్తాలం. పాస్‌పోర్టు కాపీ, వీసా కాపీ, ఫోటోలు ఫైల్లో ఉన్నాయా లేవా అని చూడటం మా పనిలో ఒక భాగం. ఫిల్ము ఫోటోల రోజుల్లో ఫోటో తిప్పి చూస్తే వెనుక స్టూడియో రబ్బరు ముద్ర ఉండేది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూర్, సిరిసిల్ల, కడప, రాజంపేట, భీమవరం. ఆ ముద్ర చూసి "ఓహో, ఈ అన్నది మనవైపేనన్నమాట" అనుకునేవాళ్లం. ముఖం కంటే ముందు ఊరు తెలిసేది.

మాది జగిత్యాల వైపు. మా మండల కేంద్రంలో ఒక ఫోటోగ్రాఫర్ ఉన్నాడు. చిన్నా పెద్దా అందరూ ఆయన్ని ఫోటో అన్న అనే పిలుస్తారు. పదో తరగతి తప్పాక ఒక స్టూడియోలో లైటు పట్టుకునే పనికి కుదిరి, నాలుగేళ్లు పని నేర్చుకుని, ఒకరు వాడి అమ్మిన కెమెరా కిస్తీల మీద కొనుక్కున్నాడు. అప్పటినుంచి నెల జీతం అనేది ఆయనకు తెలియదు. ఎవరు పిలిస్తే వాళ్ల పని. పిలవకపోతే ఆ రోజు కూలి లేదు. మా ఊళ్లలోంచి దుబాయి, మస్కట్, బహ్రెయిన్ వెళ్లిన మొదటి తరంలో చాలామందికి పాస్‌పోర్టు ఫోటో తీసి పంపింది ఆయనే. తాను మాత్రం ఎక్కడికీ పోలేదు.

బయటినుంచి చూసేవాళ్లకు ఆయన పని అంటే పెళ్లిళ్లే. కానీ పెళ్లిళ్లు సంవత్సరమంతా ఉండవు. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణం బాగుంటే సంవత్సరం గట్టెక్కినట్టు. ఆషాఢం వస్తే అంతా ఖాళీ. మధ్యలో మూఢం పడిందంటే ముహూర్తాలే ఉండవు. వ్యవసాయదారుడు వాన కోసం పంచాంగం చూసినట్టు ఈయన ముహూర్తాల కోసం పంచాంగం చూస్తాడు. ఉగాది నాడు పంతులుగారు పంచాంగం చదువుతుంటే ఆదాయ వ్యయాల కంటే ముందు "ఈసారి లగ్గాలు ఎన్నున్నయి?" అని అడిగేవాడు ఆయనొక్కడే.

ఫిల్ము రోజుల్లో పెళ్లి మాట్లాడుకోవడం రోల్స్ లెక్కన జరిగేది. "మూడు రోల్స్ తియ్యి, నాలుగోది తియ్యకు" అని పెళ్లికొడుకు తండ్రి ముందే చెప్పేవాడు. ఒక రోల్‌కు 36 ఫోటోలు. జాగ్రత్తగా ఎక్కిస్తే 37, ఒక్కోసారి 38 వచ్చేవి. ఆ లెక్కలోనే జీలకర్ర బెల్లం, తాళి, తలంబ్రాలు, అప్పగింతలు, బంధువుల గ్రూపు ఫోటోలు అన్నీ సర్దాలి. బంధువులేమో ఒక్కో కుటుంబం స్టేజీ ఎక్కి "మాదొక్కటి" అనేది. కాదంటే అలుగుతారు. అవుననంటే రోల్ అయిపోతుంది. అందుకని ఆయన ఒక ఉపాయం చేసేవాడు. ఫ్లాష్ మాత్రం కొట్టేవాడు, ఫిల్ము కదిలేది కాదు. వెలుగు పడింది కదా అని వాళ్లు సంతోషంగా దిగిపోయేవాళ్లు. మన పాత పెళ్లి ఆల్బమ్‌లో కొంతమంది మామయ్యలు, పెద్దమ్మలు ఎందుకు కనబడరో ఇప్పుడు అర్థమైందా? తెల్లవారుజామున మూడింటి ముహూర్తమైతే ముందురోజు రాత్రే చేరాలి. అందరూ తిన్నాక, బూందీ అయిపోయాక, చివరి బంతిలో ఆయన తింటాడు. అప్పుడు కూడా చేతిలో ముద్ద ఉండగానే "పెళ్లికూతురు బయల్దేరుతోంది, తొందరగా రా" అని పిలుపు వస్తుంది.

పెళ్లిళ్లు లేనప్పుడు ఆయన చేసే పనులు వింటే ఒక మనిషి ఇన్ని చేస్తాడా అనిపిస్తుంది. పొద్దున బడికి వెళ్లి పిల్లల గుర్తింపు కార్డుల ఫోటోలు. మధ్యాహ్నం బర్రెకు బీమా చేయించే రైతు దగ్గరికి. బర్రె పక్కన రైతు నిలబడాలి, చెవికి వేసిన నంబరు బిళ్ల కనిపించాలి, బర్రె కదలకూడదు. "మనుషుల్ని నిలబెట్టుడు అల్కగనే అయితది, బర్రెకు ఇటు చూడుమని ఎట్ల చెప్తం?" అంటాడు. వడగళ్లు పడి పంట పోతే నష్టం చూపించడానికి పొలం గట్టు మీద ఫోటో. ప్రభుత్వ ఇల్లు కట్టుకునేవాళ్లకు బేస్‌మెంటు అయిందని ఒకటి, స్లాబు అయిందని ఒకటి, ఇంటి ముందు ఇంటావిడ నిలబడి ఒకటి. ఎన్నికలొస్తే సభలు, ఊరేగింపులు, పోలింగు రోజు వీడియో. 1993లో ఓటరు గుర్తింపు కార్డులకు ఉత్తర్వు వచ్చిన తర్వాత ఊరూరా బల్లలేసి ఫోటోలు తీసిన కాలంలో ఆయన కుర్రవాడు. లైన్లో నిలబడ్డవాళ్లను ఒకరి తర్వాత ఒకరిని కూర్చోబెట్టి లేపడమే అప్పుడు తన పని అని చెప్తాడు. ఆ కార్డుల్లో మన ముఖాలు మనమే గుర్తుపట్టలేకపోవడం వేరే విషయం.

వేములవాడలో కోడె మొక్కు చెల్లించేవాళ్ల దగ్గర, కొండగట్టులో తలనీలాలు తీయించుకున్న పిల్లల దగ్గర, సమ్మక్క సారలమ్మ జాతర వచ్చిందంటే మేడారం దారిలో, ఎక్కడ జనం ఉంటే అక్కడికి కెమెరా సంచి పట్టుకుని పోయేవాడు. కొన్నాళ్లు ఒక పత్రికకు మండల విలేఖరికి ఫోటోలు ఇచ్చాడు. ఫోటో కింద పేరు వేయలేదు, డబ్బు కూడా సరిగ్గా ఇవ్వలేదు. కానీ బస్టాండులో నలుగురు పేపరు విప్పి ఆ ఫోటో చూస్తుంటే పక్కన నిలబడి విన్నానని ఇప్పటికీ సంతోషంగా చెప్తాడు.

అన్నిటికంటే కష్టమైన పని వేరే ఉంది. బావిలోనో చెరువులోనో గుర్తుతెలియని శవం దొరికితే పోలీసులు పంచనామాకు ఫోటోగ్రాఫర్‌ను పిలుస్తారు. ముక్కుకు గుడ్డ కట్టుకుని ముఖం, చేతుల మీద పచ్చబొట్టు, బట్టలు తీయాలి. రేపు వాళ్లవాళ్లు ఎవరైనా వెతుక్కుంటూ వస్తే ఆ ఫోటోయే దిక్కు. అందుకే ఆ పని మాత్రం ఎప్పుడూ కాదనలేదంటాడు. ఆ రోజు ఇంటికి వెళ్లి బావి దగ్గరే నీళ్లు పోసుకుని లోపలికి వెళ్తాడు. సాయంత్రం అదే కెమెరాతో ఏ పసిబిడ్డ తొట్టెల ఫంక్షనుకో పోతాడు.

ఈ పని ఇన్ని రకాలుగా ఉండటం కొత్తేమీ కాదు. హైదరాబాద్ రాజ్యంలో పెద్ద పేరు తెచ్చుకున్న ఫోటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ 1844లో పుట్టాడు. మొదట ఇండోర్‌లో ప్రజాపనుల శాఖలో అంచనాలు వేసే, నక్షాలు గీసే ఉద్యోగి. అంటే ఒక రకంగా మాలాంటి ఆఫీసు మనిషే. తర్వాత కెమెరా పట్టి, ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యాడు, సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. నవాబుల వేటలు, దర్బార్లు, మహళ్లు తీసిన ఆయనే కరువు సహాయ పనులను, అక్కడి బక్కచిక్కిన మనుషులను కూడా ఫోటో తీశాడు. పరదాలో ఉండే స్త్రీల కోసం 1892లో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఇంగ్లీషు మహిళ చేతిలో పెట్టాడు. 1905లో చనిపోయాడు. నిజాం కొలువులో ఉన్నవాడికే ఇన్ని పనులుంటే, ఏ కొలువూ లేని మా ఫోటో అన్నకు ఎన్ని ఉంటాయి! ఆయన ఇంట్లోనూ ఒక జనానా స్టూడియో ఉంది. మా వదిన. కంప్యూటర్ వచ్చాక ఫోటోషాప్ నేర్చుకున్నది ఆమే. ఓణీల ఫంక్షన్లకు, సీమంతాలకు ఆడవాళ్ల మధ్యకు కెమెరా పట్టుకుని వెళ్లేది ఆమే. స్టూడియో బోర్డు మీద ఆమె పేరు లేదు కానీ సగం పని ఆమెదే.

ఇక మనకు సంబంధించిన సంగతికొస్తాం.

గల్ఫ్‌కు వచ్చినవాడి ఇంట్లో కార్యం జరిగితే ఫోటో అన్న పని రెండింతలవుతుంది. "మా ఆయన చూడాలె, మంచిగ తియ్యన్నా" అని ఇంటావిడ చెప్తుంది. అప్పుడాయన ఊరికే స్టేజీ మీది వాళ్లనే తీయడు. కొత్తగా వేసిన రేకుల షెడ్డు తీస్తాడు. ఎండిన మామిడి చెట్టు తీస్తాడు. నడుము వంగిన నాయన కర్ర పట్టుకుని నడిచి వచ్చేది తీస్తాడు. చుట్టాలెవరు వచ్చారో ఎవరు రాలేదో తెలిసేలా భోజనాల బంతి ఆ చివర నుంచి ఈ చివర దాకా తీస్తాడు. వీడియో క్యాసెట్ల కాలంలో ఊరినుంచి ఎవరైనా వస్తున్నారంటే పచ్చడి సీసా పక్కన క్యాసెట్ కూడా వచ్చేది. శుక్రవారం ఒక గదిలో టీవీ పెట్టుకుని పదిహేను మందిమి చూసేవాళ్లం. పెళ్లి ఎవరిదైనా మన ఊరి బోరింగు, మన రచ్చబండ కనిపిస్తే చాలు, "ఆపు, ఆపు, వెనక్కి తిప్పు" అని అరిచేవాళ్లం. పెళ్లికొడుకు ముఖం మీద తామరపువ్వు విచ్చుకుంటూ వచ్చే మిక్సింగు చూసి నవ్వుకున్నాం. కానీ ఆ మూడు గంటలూ మన ఊరికి వెళ్లి వచ్చినట్టుండేది. మనం నిలబడాల్సిన చోట ఆయన నిలబడి, మనం చూడాల్సినవి చూసి పంపాడు.

దుఃఖం వచ్చినప్పుడూ అంతే. ఇక్కడ చనిపోయిన అన్నదమ్ముల శవపేటికలు ఒకప్పుడు బేగంపేట విమానాశ్రయానికి, 2008 మార్చి తర్వాత శంషాబాద్‌కు చేరుతున్నాయి. అక్కడినుంచి రాత్రంతా ప్రయాణించి అంబులెన్సు ఊరికొచ్చేసరికి ఫోటో అన్న వాకిట్లో ఉంటాడు. ఎవరూ ఇటు చూడండి అనరు, లైటు వేయమనరు. తమ్ముడు సౌదీలో, బావమరిది కువైట్‌లో ఉంటారు. వాళ్లకు చివరి చూపు ఆయన తీసిన ఫోటోనే. 2020లో విమానాలు ఆగిపోయినప్పుడు మనలో ఎంతమందిమి తల్లిదండ్రుల అంత్యక్రియలు ఫోన్లో చూశామో మనకు తెలుసు. ఆ ఫోన్ చెయ్యి వణక్కుండా పట్టుకున్నవాడు చాలా ఊళ్లలో ఆ ఊరి ఫోటోగ్రాఫరే. అటువంటి పనికి ఆయన డబ్బు అడగడు. పదకొండో రోజుకు గోడకు పెట్టే పెద్ద ఫోటో కూడా ఆయనే చేస్తాడు. జీవితమంతా ఒక్క ఫోటో దిగని ముసలమ్మ అయితే, ఆధార్ కార్డు మీది మసక ఫోటోను పెద్దది చేసి, రైక రంగు దిద్ది, నుదుట బొట్టు పెట్టి ఇస్తాడు.

ఇంకొక పని ఉంది. అది చెప్పాలంటే మాకే గొంతు పట్టేస్తుంది. మన క్యాంపులో తెల్ల గోడకు ఆనుకుని ఒకడు ఇస్త్రీ చొక్కా వేసుకుని ఫోటో దిగి ఊరికి పంపుతాడు. అక్కడ భార్య, పిల్లలు స్టూడియోకు వెళ్లి, పక్కన ఒక మనిషికి చోటు వదిలి నిలబడతారు. ఆ ఖాళీలో వదిన ఇతన్ని తెచ్చి నిలబెడుతుంది. ఫ్రేము కట్టించి ఇంట్లో పెడతారు. ఒక పాప ఆ ఫోటో చూపించి "మా నాన్న నా భుజం మీద చెయ్యేసిండు" అని అందరికీ చెప్పేదట. ఆ చెయ్యి ఎవరిదో వదినకు ఒక్కదానికే తెలుసు. కొలత సరిపోక, ఫోటో అన్న చేతినే ఫోటో తీసి అతికించింది.

ఇప్పుడు కాలం మారింది. ఫిల్ముకు మారుపేరైన కొడాక్ కంపెనీయే 2012 జనవరిలో దివాలా కోర్టుకెక్కింది. ఆధార్ కేంద్రంలో ఫోటో అక్కడే తీస్తారు. పాస్‌పోర్టు సేవా కేంద్రంలోనూ అక్కడే తీస్తారు. ఇళ్ల ఫోటోలు అధికారులే ఫోన్లో తీసుకుంటున్నారు. చేతిలో ఫోన్ ఉన్న ప్రతివాడూ ఫోటోగ్రాఫరే. పెళ్లిళ్ల పని ఉంది కానీ డ్రోన్ కావాలి, పెళ్లికి ముందు పాటల షూటింగు కావాలి, రెండు మూడు కెమెరాలు కావాలి. అవి కొనలేక ఆయన ఇప్పుడు పట్టణంలోని పెద్ద స్టూడియోలకు రోజు కూలి మీద వెళ్తున్నాడు. కెమెరా వాళ్లది, కన్ను ఈయనది. 2020 వేసవిలో పెళ్లికి 50 మందికి మించి రాకూడదన్నప్పుడు మాట్లాడుకున్న పెళ్లిళ్లన్నీ పోయాయి. కెమెరా బీరువాలో పెట్టి, మోటారు సైకిలు మీద కూరగాయలు అమ్మాడు. కొనేవాళ్లలో సగం మంది ఆయన పెళ్లి ఫోటోలు తీసినవాళ్లే.

"ఇంత పని తెలిసినవాడివి, నువ్వూ దుబాయి రాకపోయినవా?" అని ఒకసారి మేమే అడిగాం. ఇక్కడ వీసాలో రాసిన పని తప్ప వేరేది చేయాలంటే దానికి వేరే పర్మిట్ కావాలి. అనుమతి లేకుండా ఎదుటి మనిషిని ఫోటో తీస్తే ఎమిరేట్స్ చట్టం ప్రకారం నేరం. ఇవన్నీ మేం చెప్పకముందే ఆయన నవ్వి "అందరం పోతే ఇక్కడ జరిగేది మీకు ఎవరు చూపెట్టాలె?" అన్నాడు.

అసలు ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం ఇది. మేము ఎరిగిన ఒక మేస్త్రీ తల్లి చనిపోయింది. ఇంట్లో ఆమె ఫోటో ఒక్కటి కూడా లేదు. ఉన్న ఒకటీ వానాకాలంలో ఇల్లు కురిసి చెడిపోయింది. అతను ఇక్కడినుంచి ఫోన్ చేసి ఫోటో అన్నను అడిగాడు. ఆయన దగ్గర పాత నెగెటివ్‌లు చెప్పుల డబ్బాల్లో ఉన్నాయి. ఏ డబ్బాలో ఎవరి పెళ్లి ఉందో నోటుబుక్కులో రాసి పెట్టుకున్నాడు. ఆమె ఏయే పెళ్లిళ్లకు వెళ్లి ఉంటుందో అడిగి తెలుసుకుని, రెండు రోజులు బల్బు వెలుతురుకు పెట్టి ఒక్కొక్కటీ వెతికాడు. ఎవరిదో పెళ్లిలో, తలంబ్రాల ఫోటోలో, వెనుక మూలన స్తంభం పక్కన ఆమె నిలబడి నవ్వుతోంది. ఆమెను ఫోటో తీస్తున్నట్టు ఆమెకే తెలియదు. ఆ ముఖాన్నే పెద్దది చేసి పంపాడు. మేస్త్రీ ఆ ఫోటో చూసి "మా అమ్మ నవ్వుతది అన్న సంగతి మర్చేపోయిన" అన్నాడు. మేము ఏమీ మాట్లాడలేకపోయాం.

ఆ డబ్బాలు ఇంకెన్నాళ్లుంటాయో తెలియదు. స్టూడియో అద్దె పెరిగింది. కొడుకు హైదరాబాద్‌లో వేరే ఉద్యోగం చూసుకున్నాడు. నెగెటివ్‌లకు బూజు పడుతోంది. కొన్ని ఆల్బమ్‌లు బాకీ డబ్బులు కట్టక ఇరవై ఏళ్లుగా అక్కడే ఉన్నాయి. అందులో గల్ఫ్ ఇళ్లవే ఎక్కువ. "పంపుతం" అన్నవాళ్లు పంపలేదు, ఆయన అడగలేదు. పోయిన సెలవులో కలిసినప్పుడు అన్నాడు: "పైసలదేమున్నదే, ఇస్తే ఇస్తరు లేకపోతే లేదు. ఎవరి నెగెటివ్‌లు వాళ్లు తీసుకపోండ్రి. దుకాణం బందు పెడితే ఇవన్నీ పాత సామాన్లోనికే పోతయి."

అన్నలారా, తమ్ములారా, ఇటువంటి ఫోటో అన్న ప్రతి మండలంలోనూ ఒకడుంటాడు. ఈసారి సెలవు మీద వెళ్లినప్పుడు ఆయన దుకాణానికి ఒకసారి వెళ్లండి. మీ ఇంటి బాకీ ఏదైనా ఉంటే తీర్చి ఆల్బమ్ తెచ్చుకోండి. పాత నెగెటివ్‌లు ఉన్నాయేమో అడగండి. ఉంటే కంప్యూటర్లోకి ఎక్కించి ఇవ్వమనండి, ఆ పనికి డబ్బివ్వండి. దానివల్ల మీకు ఫోటోలు దక్కుతాయి, ఆయనకు ఆషాఢంలో పని దొరుకుతుంది. ఫోన్లో ఉన్న ముఖ్యమైన ఫోటోలు నాలుగైనా ప్రింటు వేయించి, వెనుక పేర్లు, తేదీ రాయండి. ఫోన్ పోతే ఫోటో పోతుంది.

మీలో పాస్‌పోర్టు మార్చుకోవాల్సినవాళ్లకు ఒక మాట. 2025 సెప్టెంబరు 1 నుంచి ఇక్కడి మన కాన్సులేటు దరఖాస్తులకు అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం తీసిన ఫోటోయే కావాలి. వెనుక తెల్లగా ఉండాలి, ముఖం ఫోటోలో 80 నుంచి 85 శాతం ఉండాలి, కళ్లు తెరిచి, నోరు మూసి ఉండాలి, కళ్లద్దాలు వద్దు, ముఖం మీద నీడ పడకూడదు. గదిలో ఫోన్‌తో తీసుకుని తిప్పలు పడకండి. పని తెలిసినవాడి దగ్గరికి వెళ్లండి. నీడ పడకుండా లైటు ఎక్కడ పెట్టాలో తెలుసుకోవడానికి ఆయన ఒక జీవితం పెట్టాడు.

ప్రతి ఏడూ ఆగస్టు 19న మన పట్టణాల్లో ఫోటోగ్రాఫర్లు ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవం చేసుకుంటారు. 1839లో అదే రోజున డాగెర్ కనిపెట్టిన ఫోటో పద్ధతిని ఫ్రాన్సులో లోకానికి ప్రకటించారు. ఆ రోజు డాగెర్ పటానికి పూలదండ వేసి, కొబ్బరికాయ కొట్టి, అందరూ కలిసి ఒక గ్రూపు ఫోటో దిగుతారు. సంవత్సరంలో మా ఫోటో అన్న ఫోటోలో కనిపించేది ఆ ఒక్కరోజే. ఈసారి ఆ రోజున మీ ఊరి ఫోటో అన్నకు ఒక ఫోన్ చేయండి. మేమూ చేస్తాం.